మిరియం ఒక్కపొద్దు

వేడినీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో వసంతమ్మ కుక్కపిల్ల మిరియం కళ్ళ మూలలు తుడుస్తోంది. నల్లటి ఒళ్ళు, కళ్ళపైన రెండు గోధుమరంగు చుక్కలు, పుల్లల్లాంటి కాళ్ళు. టాయ్ టెర్రియర్ జాతి. అయిదు నెలలు నిండినా కిలో బరువు లేదు. తుడవడం అయిపోగానే అది వెళ్ళి ఖాళీ గిన్నె ముందు కూర్చుంది.

గిన్నెలో ఏమీ వెయ్యకూడదు. ఈరోజు పెరటాసి నెలలో మూడో శనివారం. స్వామి ముందు వెలిగించే పిండిదీపం కొండెక్కేదాకా ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. మనుషులు పస్తుంటే ఉండనీ, వాళ్ళ మొక్కు వాళ్ళిష్టం. కుక్కపిల్ల చేత ఒక్కపొద్దు పట్టించే బుద్ధి ఇంటావిడ మోహనకు ఎక్కడ పుట్టిందో! మా ఇంట్లో కుక్క కూడా శనివారాలుంటుందని తిరుపతిలో ఉన్న చుట్టాలందరికీ చెప్పుకుంది. పెద్ద ఘనకార్యం మరి.

వసంతమ్మ ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. పాకాల దగ్గర మేకలు కాస్తూ పెరిగిన మనిషి. ఏ పిల్ల నిలుస్తుందో చేత్తో ఎత్తి చెప్పగలదు. కుక్కపిల్లను ఎంచుకోవడానికి చెన్నై వెళ్ళినప్పుడు బుట్ట మోయడానికి ఆమెనూ తీసుకెళ్ళారు. అక్కడ నాలుగు పిల్లలున్నాయి. మూడు ఒకదాన్నొకటి తోసుకుంటూ తల్లి పాలకు ఎగబడుతున్నాయి. నాలుగోది మూలన ముడుచుకుని ఉంది.

"ఆ మూడిట్లో ఏదో ఒకటి తీసుకోమ్మా. ఇది బలం లేని పిల్ల," అంది వసంతమ్మ.

"సిన్నగా ఉంటేనే గదా ముద్దు," అని మోహన మూలనున్నదాన్నే ఎత్తుకుంది. చేతిసంచిలో పడుతుందో లేదో పెట్టి చూసుకుంది కూడా.

పిల్లను అమ్మినాయన చెప్పిన జాగ్రత్తలు విన్నది వసంతమ్మ ఒక్కతే. రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. సోఫా మీంచి దూకనివ్వకూడదు. కడుపు ఖాళీగా ఉంటే వణుకు పుడుతుంది, చూస్తూ ఊరుకుంటే ప్రాణం పోతుంది. అందుకే మొదటి రెండు శనివారాలూ దొంగతనంగా పెరుగన్నం పెట్టింది. రెండోసారి మోహన కంట్లో పడింది. పూజ కాకముందే ఎంగిలి చేస్తే ఇంక పనిలోకి రావద్దంది.

పది గంటలకు చుట్టాలు దిగారు. వసంతమ్మకు వంటింట్లో వడల పని అప్పగించి, మోహన మిరియం నుదుట నామం దిద్ది ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఫోన్లన్నీ దానివైపే తిరిగాయి. చిత్తూరు నుంచి ఆడబిడ్డ వాళ్ళు రావాలని దీపం వెలిగించడం పన్నెండు దాటించారు. వసంతమ్మ చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చింది. కుక్కపిల్ల తల వాలిపోతోంది. ఒళ్ళంతా వణుకు.

"సూడండి, గోవిందా అంటే ఎట్ల పులకరిస్తా ఉండాదో," అంటోంది మోహన.

"అది బక్తి కాదుమ్మా, ఆకలి. దాన్ని ఇట్లియ్యి."

"అందరి ముందర ఏంది వసంతమ్మా ఇది? దీపం కొండెక్కనీ. ఇంకెంతసేపు?"

వసంతమ్మ వంటింట్లోకి తిరిగి వచ్చేసింది. పదకొండేళ్ళుగా సరేనమ్మా అన్న నోరు అప్పుడూ అదే అంది. లాక్కుని ఉంటే ఏం చేసేవాళ్ళు? కొట్టేవాళ్ళా?

హాల్లో గోవింద నామాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. వెళ్ళి చూస్తే మిరియం చాప మీద పక్కకు పడి కాళ్ళు బిగుసుకుపోయి ఉంది. వసంతమ్మ వేలితో తేనె తీసి దాని చిగుళ్ళకు రుద్దింది. నాలుక కదల్లేదు. కొంగులో చుట్టుకుని ఆటో ఎక్కింది. పశువుల ఆసుపత్రి ఇంకా రెండు వీధులు ఉండగానే కొంగులో ఊపిరి ఆడడం ఆగింది.

సాయంత్రం మోహన నిజంగానే ఏడ్చింది. శనివారంనాడు పోయింది, పుణ్యజీవి అన్నారు చుట్టాలు.

"సామే తీసుకున్నాడు," అంది మోహన కళ్ళు ఒత్తుకుంటూ. "వచ్చే నెల ఇంకోదాన్ని తెచ్చుకుందాం. నువ్వూ రా."

"సామి అడిగినాడా దాన్ని?" అంది వసంతమ్మ. "దానికి నోరు లేదు. నాకుండాది, ఉండీ మూసుకున్న్యాను. నేను రానుమ్మా. రేపట్నించి పనికీ రాను. ఈతూరి బొమ్మను కొనుక్కో. దానికి ఆకలెయ్యదు."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పెరటి గోడ మేకుకు, చలికాలానికని పాత రవికగుడ్డతో ఆమె మొదలుపెట్టిన బెత్తెడు చొక్కా వేలాడుతోంది; ఒక ముందుకాలికి కంత కత్తిరించి ఉంది, రెండోదానికి సుద్దతో గీసిన గుండ్రం మాత్రమే ఉంది.