కింది నుంచి కొట్టిన నీళ్ళు

నగరిలో సముద్రం యాడుండాది? అయినా మా అంగడి ముందర పడవ వచ్చి నిలబడినాది. రఘునాథ్ మా వీధి పిల్లోడే, ఇప్పుడు మద్రాసులో ఉద్యోగం. పాత తెరచాప పడవ కొన్నాడంట, లారీ మీద ఎక్కించుకొని తెచ్చినాడు. కిటికీలన్నీ కారతాండాయి, లోపల పడుకుంటే కూతురు లోహిత మొగం మీద నీళ్ళు పడతాండాయి, బుడేన్ సాహెబే మార్చి ఇయ్యాల అన్నాడు. బుడేన్ సాహెబ్ అంటే మా ఆయన. బస్సు కిటికీలకు అద్దాలు బిగించేది ఆయన పని.

పనంటే పేరుకే. ఇప్పటి ఏసీ బస్సులకు ఆయన అక్కర లేదు. దానికి తోడు కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి మా కొడుకు అష్ఫాక్‌ది ఒకటే పోరు, అంగడి నాకియ్యి అబ్బా, సెల్‌ఫోన్లు పెడతా అని. వాడికీ పెళ్ళాం పిల్లలుండారు, వాడిదీ తప్పనలేను. పడవను చూసినాక ఈయన గడ్డం నిమురుకొని, వాడితో, "నేను బిగించినాక ఈ కిటికీల్లో ఒక్క చుక్క లోపలికొస్తే అంగడి తాళంచెవి నీకిస్తా పో" అనేసినాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ అంగడి లేకపోతే ఈ మనిషి నమాజుకు పోయొచ్చి ఇంట్లో గోడలు చూస్తా కూర్చోవాల. ఆ సంగతి నాకు తెలుసు, కొడుక్కు తెలీదు.

పాత అద్దాలు పాలరంగుకు తిరిగి, రబ్బరు ఎండి పొడిపొడిగా రాలతాండాది. అంతా పీకేసి, అట్ట మీద కొలతలు గీసి, కొత్త ఫైబర్ అద్దాలు కోసి, చుట్టూ అల్యూమినియం చట్టం వేసి బిగించినాడు. కంటి కంటే వేళ్ళనే ఎక్కువ నమ్మినాడు. ఆ కొన్నాళ్ళూ అన్నం మారు పెట్టించుకొని తిన్నాడు.

పరీక్ష రోజు నన్ను లోపలికి పంపినాడు. "నువ్వైతే అబద్ధం చెప్పవు" అన్నాడు. నా తెల్ల దుపట్టా కిటికీల కింద చెక్కబల్ల మీద పరిచి కూర్చున్నా. పైనుంచి పైపుతో నీళ్ళు కొట్టినారు. ఒక్క చుక్క లేదు. అల్లా దయ అనుకుంటాండా, బయట రఘునాథ్ గొంతు వినబడినాది. "సముద్రంలో పైనుంచి కాదు మామా, అల కింది నుంచి కొడతాది."

పైపు కింది నుంచి పైకి తిప్పినారు. చట్టం అడుగున ఒక చుక్క ఉబ్బి, దుపట్టా మీద పడినాది. దాని వెనకే ఇంకొకటి. వంగి చూస్తే ఆడ రెండు సన్న బెజ్జాలు. బస్సు కిటికీలో వాన నీళ్ళు నిలవకుండా కిందికి పోవాలని చట్టానికి ఎప్పుడూ వేసే బెజ్జాలే. ఏ కిటికీనీ అవి లేకుండా ఆయన వదిలిందే లేదు. కన్ను తప్పలేదు, చెయ్యి దాని పాటికది వేసేసినాది.

దుపట్టా మడిచి ఒళ్ళో పెట్టుకుంటే సరిపోతాది. రేపు ఏదో సాకు చెప్పి ఆయన చేతనే పూడిపించొచ్చు. "ఏమైంది?" అని బయట ఈయన అడుగుతాండాడు, గొంతులో ఎంత ఆశ. కానీ పడవ సముద్రంలోకి పోయేది రేపో ఎల్లుండో ఎవురికి తెలుసు. ఆ పాప తలకాయ పెట్టేది సరిగ్గా ఈడే.

"వస్తాండాయి" అన్నా. నా నోరు పడిపోను.

లోపలికొచ్చి వేలితో బెజ్జాలు తడిమినాడు. "బస్సనుకున్నా" అన్నాడు. కిందికి దిగి జేబులో నుంచి తాళంచెవి తీసి అష్ఫాక్ చేతిలో పెట్టినాడు. వాడు తెల్లబోయి, "పూడిస్తే అయిపోతాది కదబ్బా, ఉంచుకో" అంటే, "మాటంటే మాటే" అన్నాడు. తర్వాత ఆయనే బెజ్జాలు పూడ్చినాడు, మళ్ళా కింది నుంచి ఎంత కొట్టినా రాలేదు. రఘునాథ్ సంబరంగా పడవను తీసుకుపోయినాడు.

మర్నాడు పొద్దున టీ తీసుకొని పోతే, మూసిన షట్టరు ముందర మెట్టు మీద కూర్చోనుండాడు, కొడుకొచ్చి తెరుస్తాడని. పక్కన కూర్చున్నా. టీ తాగతా తాగతా, నా తల మీది ఆ తెల్ల దుపట్టా వైపు చూసినాడు.

"ఆరిందా?" అన్నాడు.

లేచినప్పటి నుంచి దాంతోనే కండ్లు తుడుచుకుంటాండా.

"ఆరింది" అన్నా. ఆయనతో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.