డార్కస్ అత్త వెనక గుమ్మం మెట్టు

నేను లేనిది గీయను.

ఈ మాట నా కొట్టు గోడ మీద నేనే రాసి పెట్టుకున్నాను. టూరిస్టులు దాన్ని ఫొటో తీసుకున్నప్పుడల్లా నాకు ఎక్కడలేని గర్వం వచ్చేసేది. ఇళ్ళ బొమ్మలు వేసిన కార్డులూ, గిన్నెలు తుడిచే గుడ్డలూ అమ్ముకుంటాను. వారం వారం మా దీవి పత్రికలో ఒక పాత ఇంటి బొమ్మ వేసి, ఆ ఇంట్లో ఏం తిన్నానో కూడా రాస్తాను. రెబా అంటే ఈ నార్ఫోక్ దీవిలో తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు మరీ బాగా తెలుసు లెండి, నా మొహం మండ.

ఇళ్ళంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. ఒక ఇల్లు గీయాలంటే ముందు ఆ ఇంట్లో ఏదో ఒకటి తినాలి, అది నా పద్ధతి. తింటూ కూర్చుంటేనే కదా, ఎండ ఏ కిటికీలోంచి పడుతుందో, ఇంటావిడ ఎటు తిరిగి కూరలు తరుగుతుందో, ఏ చెక్క మీద కాలేస్తే కిర్రుమంటుందో తెలిసేది! సిడ్నీలో దొరల బంగళాలు గీశాను. ఆక్లండ్‌లో చెక్కమేడలు గీశాను. తాహితీ వెళ్ళి, మా ముత్తవ్వల వైపు వాళ్ళ వసారాల్లో కూర్చుని, కొబ్బరిపాలలో నానిన పచ్చిచేప తింటూ గీశాను. ఎక్కడికెళ్ళినా ముందు గుమ్మం చూసి మోసపోను. దాన్ని వచ్చేపోయేవాళ్ళ కోసం కట్టుకుంటారు. వెనక గుమ్మం తమ కాళ్ళ కోసం కట్టుకుంటారు. డిజైన్ అంటూ ఏదైనా ఉంటే అది అక్కడే ఉంటుందని నా వాదన. ఈ వాదనే కొంప ముంచింది. నా కొంప కూడా కాదు, మా మేనత్త కొంప.

డార్కస్ అత్త మా నాన్నకి అక్క. తొంభై దగ్గర పడుతున్నా తోటపని మానలేదు. కొండవాలు మీద ఇల్లు, పైన్ చెక్కల గోడలు, రేకుల కప్పు, పక్కన వాననీళ్ళ ట్యాంకు. ఆ వారం ఎవరిల్లు గీయాలా అని ఆలోచిస్తూ బండి అటు తిప్పాను. ఎప్పట్లాగే వెనకనుంచే వెళ్ళాను.

"ఏమే, తినడానికొచ్చావా, గీయడానికొచ్చావా?" అంది అత్త పొయ్యి దగ్గర్నుంచే.

"రెండింటికీను."

"అయితే ముందు తిను. చల్లారితే పిల్హీ నోట్లో పెట్టుకోలేం."

అరటికాయలు తురిమి ఆకులో వేసి కాల్చే ఆ పిల్హీ మా అత్త చేసినట్టు ఇంకెవరూ చేయలేరు. అంచులు మాడీ మాడనట్టు, లోపల మెత్తగా. చేతిలో పట్టుకుని వెనక మెట్టు మీద కూర్చున్నాను. తింటూ తింటూ కిందికి చూశాను. రోజూ తొక్కే మెట్టే. ఆ రోజు ఏటవాలు ఎండలో ఉలి గుర్తులు ఒక్కొక్కటీ లేచి కనబడ్డాయి. అంచు చుట్టూ సన్నగా బద్దీలా చెక్కి, మధ్యలో వాలుగీతలు కొట్టిన పసుపురాయి. నడుమ కాళ్ళ రాపిడికి గిన్నెలా గుంటపడింది. నాకు ఒళ్ళు తెలియలేదు. వేళ్ళు స్కర్టుకి తుడుచుకుని పుస్తకం తీశాను.

"దాన్నెందుకే గీస్తావు? మీ మావయ్య బతికున్నన్నాళ్ళూ దాని మీద చేపలు కోశాడు, ఇప్పుడు నేను కోస్తున్నాను. పొలుసులు కూడా గీస్తావా ఏంటి?"

"ఉంటే గీస్తానత్తా."

"నీ తస్సాదియ్యా!" అని నవ్వి ఇంకో ముక్క పెట్టింది.

ఉన్నాయి, గీశాను. నా జన్మలో అంత బాగా ఇంకేదీ గీయలేదు. దాని కింద ఇలా రాశాను: 'దాదాపు రెండొందల ఏళ్ళ కింద ఎవరో ఖైదీ సంకెళ్ళతో కూర్చుని చెక్కిన రాయి ఇది. మా అత్త దీని మీద చేపలు శుభ్రం చేస్తుంది.' రాసి, ఎంత ముద్దుగా వచ్చిందో అని నాకు నేనే మురిసిపోయాను.

మా దీవిలో ఒక సంగతి ఎవరూ మాట్లాడరు. దీవి ఒడ్డున కింగ్‌స్టన్‌లో ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఖైదీల చేత కట్టించిన పాత జైలు గోడలు పడిపోతున్న రోజుల్లో, వాటిని పట్టించుకునే నాథుడు లేనప్పుడు, మా తాతలు ఎడ్లబండ్ల మీద రాళ్ళు తెచ్చుకున్నారు. ఒకరింట్లో పొయ్యి అరుగు, ఒకరింట్లో ట్యాంకు దిమ్మ, ఒకరి పందులదొడ్డికి గోడ. ఇప్పుడు ఆ గోడలు చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తున్నారు, ఒక్క రాయి కదిపినా నేరం. కదిపినవాళ్ళు ఎప్పుడో పోయారు. మేం మాత్రం వాటి మీద కాళ్ళు పెట్టుకుని, నోరు మూసుకుని బతుకుతున్నాం. పక్కింటివాడి రాయి వంక చూడం, వాడు మన రాయి వంక చూడడు. పుట్టి పెరిగినదాన్ని, ఇది నాకు తెలియదా? తెలుసు. బొమ్మ బాగా వచ్చిందన్న మైకంలో తెలిసిందంతా గాలికొదిలేశాను.

పత్రిక వచ్చిన మర్నాడు కొట్టుకి వెళ్తున్నాను. ఇక్కడ బండి నడిపేవాళ్ళు ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ స్టీరింగు మీంచి వేళ్ళు లేపుతారు. కోపంలో ఉన్నా లేపుతారు, ముక్కూ మొహం తెలియని టూరిస్టుకీ లేపుతారు. ఆ రోజు నేను చెయ్యెత్తుతూనే ఉన్నాను, ఎదుటివాళ్ళ చేతులు స్టీరింగు మీద అలాగే ఉండిపోయాయి. మొదట ఎండ కళ్ళల్లో పడిందేమో అనుకున్నాను. దారిపొడుగునా అందరి కళ్ళల్లోనూ ఎండ పడదు కదా.

కొట్టు తెరవగానే అత్త కొడుకు వచ్చాడు. అసలు పేరు ఏదో ఉంది గానీ ఊరంతా రూస్టర్ అనే పిలుస్తుంది, ఫోను పుస్తకంలో కూడా అదే.

"ఏమే మరదలా, మా ఇంట్లో ఇంకా రాళ్ళున్నాయి, వచ్చి గీసుకుంటావా? లేక నన్నే పోలీసులకి చూపించమంటావా?"

"అదేంటి బావా, మెచ్చుకుంటూ రాశాను కదా!"

"ఆ మెచ్చుకునేదేదో మీ ఇంటి పొయ్యి అరుగుని మెచ్చుకోలేకపోయావా? అదేమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా?"

మా పొయ్యి అరుగూ ఆ రాయే. ఊళ్ళో ఇళ్ళన్నీ గీశాను గానీ దాన్ని ఒక్కసారీ గీయలేదు. ఎందుకు గీయలేదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

"అత్త ఏమంది?" అన్నాను.

"ఏమంటుంది? మెట్టు మీద గోనెపట్టా కప్పి, పైన పూలకుండీలు పెట్టింది. వచ్చినవాళ్ళని ముందు గుమ్మంలోంచి రమ్మంటోంది. మా ఇంటికి ఎప్పుడైనా ఎవడైనా ముందునుంచి వచ్చాడా, చెప్పు!" అని విసురుగా వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే నీల్ వచ్చాడు. పాత కట్టడాలు చూసుకునే ఆఫీసుకి కొత్తగా సిడ్నీ నుంచి వచ్చినవాడు, మెత్తని మనిషి. చేతిలో పత్రిక ముక్క ఉంది. కొట్టు నిండా బస్సు దిగిన జనం. ఒకాయన సరిగ్గా అప్పుడే నా గోడ మీది మాటని ఫొటో తీస్తున్నాడు.

"రెబా గారూ, చిన్న మాట," అన్నాడు నీల్, గొంతు బాగా తగ్గించి. "చిత్రకారులు అందం కోసం ఏదో ఒకటి కలుపుతూ ఉంటారు కదా. ఈ మెట్టు కూడా అలా కలిపిందే అయ్యుంటుంది. అవునా?"

అవును అనమని ఆ మనిషి కళ్ళతో బతిమాలుతున్నాడు. ఒక్క ముక్క. అవునండీ, ఊరికే కలిపాను. అంతే, అయిపోయేది. కానీ అంతమంది చూస్తుండగా నా గీతని పట్టుకుని కల్పితమా అంటాడా అని నాకు మండిపోయింది.

"కలపడమా? నేనా? ఆ గోడ మీద ఏం రాసుందో చదవండి," అన్నాను గట్టిగా.

జనం నవ్వారు, ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది. నీల్ నవ్వలేదు. "అయితే రేపు వెళ్ళి చూడక తప్పదండీ," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. చప్పట్లు కొట్టినావిడ నాలుగు కార్డులు కొనుక్కుంది. అవి కాగితంలో చుట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రం అత్త దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. పొద్దున్నే మాత్రం తిన్నగా నీల్ ఆఫీసుకి బయల్దేరాను. దారిలో అబద్ధం తయారు చేసుకున్నాను. సిడ్నీలో ఎక్కడో చూసిన రాయిని బొమ్మలో తెచ్చి అత్త గుమ్మంలో అతికించాననీ, పేరు కోసం కక్కుర్తిపడ్డాననీ చెప్పేస్తాను. కొట్టు గోడ మీద సున్నం కొట్టించేస్తాను. ఆ నిర్ణయం తీసుకున్నాక కాస్త ఊపిరాడింది.

ఆఫీసు వసారాలో గోనెపట్టా మీద మెట్టు ఉంది.

గుర్తుపట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. దాని ప్రతి గీతా నా చేతికి తెలుసు. గుంటలో ఎండిన పొలుసు ఒకటి ఇంకా అతుక్కుని ఉంది.

"నేను చూడటానికి వస్తున్నానని ఎవరు చెప్పారో, మీ మేనత్తగారు తెల్లవారగానే వచ్చారండీ," అన్నాడు నీల్. "కొడుకుతో తవ్వించి ట్రక్కులో వేయించుకుని తెచ్చారు. నేను చెప్పి చూశాను. అమ్మా, మీ మేనకోడలు ఊహించి గీసిందని రాసేస్తాను, మీరు దీన్ని తీసుకెళ్ళిపోండి అన్నాను. ఆవిడకి నా మీద కోపం వచ్చింది."

"ఏమంది?"

"'మా పిల్ల లేనిది గీయదు. అబద్ధం గీసిందని రాస్తావా? అది ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దూ?' అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. రాయి పక్కన మీ బొమ్మ పెట్టి, కింద మీ పేరు రాయమన్నారు."

నోటిదాకా తెచ్చుకున్న అబద్ధం ఇక ఎందుకూ పనికిరాలేదు. ఏదో గొణిగి బయటికొచ్చేశాను.

అత్త ఇంటి వెనక మెట్టు ఉన్నచోట పళ్ళ పెట్టె ఒకటి బోర్లించి ఉంది. "చూసుకుని ఎక్కవే, కదులుతుంది," అంది అత్త లోపల్నుంచి. ఎప్పట్లాగే పళ్ళెంలో పిల్హీ ముక్క పెట్టింది.

"ఎందుకిచ్చేశావత్తా? నేను వెళ్ళి అబద్ధమని చెప్పేద్దామనుకున్నాను."

"చెప్తే చెప్పుతో కొట్టేదాన్ని. నీకున్నదల్లా ఆ ఒక్క పేరే కదే పిల్లా." తలవంచుకుని అంది: "అయినా తప్పు నాదేలే. అంత గొప్ప రాయని నాకు తెలియకపోయె. దాని మీద చేపల కంపు చేశాం. అదంతా నువ్వు పత్రికలో రాస్తే, ఈ వయసులో ఊరందరి ముందూ తల కొట్టేసినట్టయింది. మీ మావయ్య ఉంటే ఏమనుకునేవాడో."

సిగ్గుపడాల్సింది నేను. పడుతున్నది ఆవిడ. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"మా పొయ్యి అరుగు కూడా అలాంటిదే అత్తా. రేపే వెళ్ళి ఇచ్చేస్తాను."

"నోర్మూసుకో. మీ నాన్న చేత్తో పెట్టుకున్నది. దాని జోలికి వెళ్ళావంటే ఊరుకోను."

ఆ మాట వినగానే నాకు గుండె తేలికపడింది. అత్త వద్దంది కాబట్టి ఇవ్వక్కర్లేదు అనుకున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆవిడ పెట్టింది తింటూ అలా అనుకున్నాను. ఎంత సిగ్గుమాలినదాన్నో అప్పుడు నాకే తెలిసొచ్చింది.

నీల్ ఆఫీసులో రాయిని జనానికి చూపించే రోజు మా వాళ్ళందరూ వచ్చారు. ఎవరి గిన్నెలు వాళ్ళు తెచ్చి బయట బల్ల మీద పెట్టారు. అత్త తెల్ల గౌను వేసుకుని, తను అల్లుకున్న తాటాకుటోపీ పెట్టుకుని, రూస్టర్ చెయ్యి పట్టుకుని వచ్చింది. రాయిని శుభ్రంగా కడిగి పీట మీద నిలబెట్టారు. పొలుసు లేదు. పక్కన గోడకి నా బొమ్మ, కింద నా పేరు.

"రెబా," అని చదివింది అత్త, అందరికీ వినిపించేలా. "మా తమ్ముడి కూతురు. ఉన్నదున్నట్టు గీస్తుంది, చూడండి." ఒక్కొక్కర్నీ పిలిచి చూపించింది. నేను నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాను. రూస్టర్ నా వంక చూడలేదు.

అందరూ అటు తిరిగాక అత్త రాయి దగ్గరికి జరిగింది. ఎన్నేళ్ళుగానో పొద్దున లేస్తే కాలు పెట్టిన చోటు. ఆ గుంట మీదికి మెల్లగా చెయ్యి చాచింది.

"ముట్టుకోకూడదండీ," అన్నాడు వెనకనుంచి నీల్. అలవాటుకొద్దీ వచ్చేసిన మాట. అన్నాక ఎవర్ని అన్నాడో చూసుకుని, ఆ మనిషి మొహం కందగడ్డయిపోయింది.

అత్త చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. గౌను కుచ్చిళ్ళలో దాచుకుంది, బడిలో దెబ్బ తిన్న పిల్లలా.

"తప్పయిపోయింది నాయనా," అంది. "ఇంకెప్పుడూ ముట్టుకోను."

నేను పక్కనే ఉన్నాను, నా పేరు కిందే నిలబడి ఉన్నాను.