మలుపు దగ్గర రొద

ఆ పేటలో ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవాళ్లు. చెవులు పెద్దవని కాదు, అవి అందరికీ ఉండేలాంటివే. బండి వీధి మొదట్లో ఉండగానే, చేతిలో స్పానరు కింద పెట్టకుండానే దాని రోగమేమిటో చెప్పేసేవాడు. పాముచెవులంటే పాముచెవులే అనుకోండి. మరి అంతటి చెవులున్న మనిషికి కట్టుకున్న పెళ్లాం మాట ఒక్కటీ చెవికెక్కేది కాదంటే ఏమనాలి? ఒక మధ్యాహ్నం ఆవిడ వడ్డిస్తూ ఏదో కష్టం చెప్పుకుంటోంది. ఈయనేమో ముద్ద చేత్తో పట్టుకుని, వీధిలో పోతున్న లారీ వైపు చెవి ఒగ్గాడు. "బండి మూలిగితే వింటావు, మనిషి మూలిగితే వినవు" అని ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది. నాలుగు బట్టలు సంచీలో కుక్కుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది.

అది జరిగి మూడేళ్లు. ఈయన వెళ్లి పిలిచాడా? లేదు. తనంతట తాను వెళ్లింది, తనంతట తానే వస్తుందిలే అని భీష్మించుకుని కూర్చున్నాడు. ఉత్త మొండిఘటం. ఇంట్లో ఆవిడ చెప్పులు విడిచే చోట మాత్రం ఈనాటికీ ఇంకేమీ పెట్టడు.

ఆవిడ అక్కతో కలిసి మొక్కల వ్యాపారం పెట్టుకుంది. పాత పికప్ బండి ఒకటి కొని, తనే నడుపుకుంటూ, రోజూ సాయంత్రం మేస్త్రి షెడ్డు ముందునుంచే వెళ్లేది. ఆగేది కాదు, తల తిప్పేది కాదు. షెడ్డు దాటాక, అక్కణ్ణుంచి కంటికి ఆనని చోట వీధి రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే వీళ్ల ఇల్లు, ఎడమకు తిరిగితే అక్కగారిల్లు.

ఈమధ్య ఆ బండికి ఒక రొద పట్టుకుంది. ముందు ఎడమ చక్రంలో బేరింగ్ అరిగిందని మేస్త్రికి మొదటిరోజే తెలుసు. అలాంటి బండి కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రం మీద పడి రొద పెరుగుతుంది. ఎడమకు తిరిగితే బరువు తగ్గి సన్నబడుతుంది. రోజూ ఆ సాయంత్రం వేళకు ఈయన చేస్తున్న పని ఆపేసి, ఊపిరి బిగబట్టి వినేవాడు. రోజూ ఆ రొద మలుపు దగ్గర సన్నబడిపోయేది. 'ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పెరగనీ దేవుడా' అనుకునేవాడు. చక్రం ఊడిపోతే మనిషి ఏమైపోతుందోనన్న బెంగ ఇంకోపక్క. అయినా ఎదురెళ్లి బండి ఆపడానికి మాత్రం కాళ్లు రాలేదు మహానుభావుడికి.

చివరికి ఒకరోజు బండి తనే షెడ్డు ముందు ఆగింది.

"ఎన్నాళ్లనుంచి ఈ చప్పుడు?" అన్నాడు, ఏమీ తెలియనట్టు.

"నన్నడుగుతావేంటి? రోజూ వింటూనే ఉన్నావుగా" అంది ఆవిడ.

ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాడు. కుడికి తిప్పితే గర్జించింది, ఎడమకు తిప్పితే తగ్గింది. అక్కడితో సరిపోవాలా? ఇంకో చుట్టు తిప్పాడు.

"రోగం తెలిశాక మళ్లీ ఈ ఊరేగింపెందుకయ్యా?"

"రూఢి చేసుకోవద్దూ" అన్నాడు. ఆవిడ ఒంటికి అంటిన తడిమట్టి వాసన తెలుస్తోంది. ఇంకో పది చుట్లు తిరగాలనిపించింది పాపం.

షెడ్డుకొచ్చి జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. విప్పి చూస్తే బేరింగ్ వేడికి నీలం తిరిగి, గుంటలు పడి ఉంది. బేరింగ్ కూర్చునే పాత కప్పులు కొట్టి తీశాడు, కొత్తవి దించాడు. అరచేతిలో గ్రీజు వేసుకుని కొత్త బేరింగ్‌ని అందులోకి ఒత్తుతూ సందు లేకుండా నింపాడు. ఇక నట్టు బిగింపు. బిగువెక్కువైతే బేరింగ్ కాలుతుంది, వదులైతే చక్రం ఊగుతుంది. అందుకని చక్రం తిప్పుతూ దాని నడిమి హబ్బుకి చెవి ఆనించాడు.

సరిగ్గా అప్పుడే ఆవిడ అంది: "అక్కావాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఊరు మారిపోతున్నారు."

"ఊఁ."

"నన్నూ రమ్మంటున్నారు."

"ఉండుండు, ఈ నట్టు సంగతి చూడనీ." పావు వంతు వెనక్కి తిప్పి, పిన్ను దూర్చి, చక్రాన్ని ఒక్క తోపు తోశాడు. "చూశావా! వెన్నపూసలా తిరుగుతోంది!"

ఆవిడ చక్రం వైపు చూడలేదు. "ఇక చప్పుడు రాదుగా?"

"చచ్చినా రాదు."

"సరే అయితే" అని బండెక్కి వెళ్లిపోయింది.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, అలవాటుకొద్దీ మలుపు వైపు చెవి పెట్టాడు. ఏమీ లేదు. బండి కుడికి తిరిగిందో ఎడమకు తిరిగిందో చెప్పే చప్పుడే లేదు. చేజేతులా తీసేసుకున్నాడు కదా! ఆ నిశ్శబ్దంలో ఆవిడ అన్న మాటలు ఒక్కొక్కటే చెవిలో పడ్డాయి. ఊరు మారిపోతున్నారు. నన్నూ రమ్మంటున్నారు.

షెడ్డు బార్లా తెరిచి ఉండగానే పరుగెత్తాడు. మలుపు దగ్గర అటూ ఇటూ చూశాడు, బండి జాడ లేదు. కాళ్లు కుడివైపే లాగాయి, ఇంటికి పోయి ఎదురుచూద్దామని. మూడేళ్లూ చేసిన నిర్వాకం అదేగా! పళ్లు బిగించి ఎడమకు తిరిగాడు. ఆ వీధిలో మూడేళ్లలో అడుగు పెట్టడం ఇదే మొదలు.

వంపు దాటగానే గోడవారగా పికప్ ఆగి ఉంది. ఇంజిను ఆపేసి, స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చుందావిడ. ఈయన్ని చూసి కళ్లు తుడుచుకుంది.

"ఇటే వచ్చానని నీకెలా తెలిసింది? చప్పుడు లేదుగా."

"తెలీలేదు. ఏమీ వినబళ్లేదు, అందుకే వచ్చాను."

"నేను చెప్పింది?"

"విన్నాను."

"ఎప్పుడూ?"

"నువ్వెళ్లాక." బండి తలుపు పట్టుకుని రొప్పాడు. "వెళ్లకే. నువ్వు లేక ఆ ఇంట్లో ఉండలేకపోతున్నాను."

ఆవిడ పక్క సీటు మీది సంచీ తీసి వెనక పెట్టింది.

"దారంతా మాట్లాడతాను. మూడేళ్లవి ఉన్నాయి."

మేస్త్రి ఎక్కి కూర్చుని, ముందు తనవైపు కిటికీ అద్దం పూర్తిగా పైకి ఎక్కించాడు.