తలుపు పక్క మంచం

ఆరేళ్ల కాపురంలో కుందుజ్ ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. భర్త తరఫు పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు. అందుకే మామగారి అన్నని ‘పెద్దింటి మామయ్య’ అనేది. వీధి చివర కొట్టాయనదీ అదే పేరు కావడంతో, ఆయన్ని ‘కొట్టు బాబాయ్’ అని సరిపెట్టేది.

పెద్దింటి మామయ్య కాంట్రాక్టరు. ఊళ్లో పిల్లలబడి కట్టింది ఆయన కంపెనీయే. ఫిబ్రవరిలో ఓ ఆదివారం ఆ బడిలో పాటలగది కప్పు సగం ఊడిపడింది. ఆదివారం కాబట్టి లోపల ఎవరూ లేరు. మర్నాడైతే ఇరవైమంది పిల్లలుండేవారు. అందులో కుందుజ్ కొడుకు, నాలుగేళ్ల బాయెల్ ఒకడు. శుక్రవారం వాడక్కడ మరిచిపోయిన చెప్పుల జత తర్వాత ఇంటికొచ్చింది. అప్పడంలా అణిగిపోయి, మడతల్లో సున్నం పెళ్లలతో.

పోలీసులొచ్చి కంపెనీ కాగితాలు పట్టుకెళ్లారు. విచారణ మొదలైంది, అలా నడుస్తూనే ఉంది. ఇంతలో ఏప్రిల్లో పట్టణ కార్యాలయం గోడకి ఓ కాగితం అంటించారు. కప్పంతా తీసి కొత్తది వేసే పని ఎవరికిస్తున్నారో అందులో ఉంది. అదే కంపెనీకి. పోటీకి ఇంకెవరూ రాలేదట.

కుందుజ్ ఆ కాగితం మూడుసార్లు చదివింది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన మనిషి, తనకే సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుంది.

“అత్తయ్యా, పడిపోయేట్టు కట్టినవాళ్లకే మళ్లీ ఇస్తున్నారు,” అంది ఇంటికొచ్చి.

అత్తగారు పిండి పిసుకుతోంది. “విచారణ చేస్తున్నారుగా. చెయ్యనీ. మధ్యలో నీకెందుకే?”

“మధ్యాహ్నం బడిలో బాయెల్ పడుకునేది ఆ కప్పు కిందే కదండీ.”

అత్తగారు పిండిని బల్లకేసి ఇంకా గట్టిగా కొట్టింది.

భర్త తోల్కున్‌ది ఇంకో గొడవ. “నోరెత్తకు. నేను నడిపే బండికి పర్మిట్ ఇప్పించింది ఆయనే.”

పోనీ పిల్లాణ్ణి బడి మానిపించి తనతో తీసుకెళ్దామంటే, తను పనిచేసే కుట్టుషెడ్డులో ఎటు చూసినా సూదులూ, కాలే ఇస్త్రీపెట్టెలూ. పని మానేస్తే ఇల్లు గడవదు.

కాంట్రాక్టు సంతకాలకి ముందు జనం అభ్యంతరాలు వినాలని రూలుంది. సభ పెట్టారు. బల్ల వెనక మున్సిపల్ సభ్యుడు కాలిక్. ముందు వరసలో తెల్ల టోపీతో పెద్దింటి మామయ్య. ‘ఎవరైనా చెప్పేదుందా’ అని కాలిక్ అడిగేసరికి కుందుజ్ లేచి నిలబడింది.

“కప్పు ఊడిపోయేట్టు కట్టిన కంపెనీకే మళ్లీ ఇవ్వొద్దండీ.”

“ఏ కంపెనీ తల్లీ?”

“ముందు కట్టినదే.”

“ఎవరిది? పేరు చెప్పాలి. పేరు లేకుండా రాసుకోవడం కుదరదు.”

ఆమె ఎవరింటి కోడలో కాలిక్‌కి తెలుసు. హాల్లో అందరికీ తెలుసు.

“పెద్దింటి మామయ్యది,” అంది.

“ఆ పేరుతో కంపెనీ ఎక్కడుందో రిజిస్టర్లో వెతకండ్రా!” అన్నారెవరో వెనకనుంచి. హాలంతా ఘొల్లుమంది.

కాలిక్ కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వాడు. “కూర్చో అమ్మా. మర్యాదెరిగిన కోడలివి. అలాగే ఉండు.”

కుందుజ్ కళ్లముందు ఆ అణిగిపోయిన చెప్పులు కదిలాయి.

“ఎసెన్‌గుల్!” అంది. గొంతు తనది కానట్టు వినిపించింది. “ఎసెన్‌గుల్ కంపెనీ. రాసుకోండి.”

ఆడవాళ్లు వినకూడనిది విన్నట్టు నిర్ఘాంతపోయి ఎవరి కాలరు వాళ్లే పట్టుకున్నారు. ఆ తర్వాత కప్పు మాట ఎత్తినవాడు లేడు.

“మామగారి అన్న ఎదురుగానే!”

“మా ఇంటి కోడలైతే ఈపాటికి పుట్టింటి బండెక్కించేదాన్ని,” అంది జామీలా ముసలమ్మ.

“ముందు పెద్దాయనకి క్షమాపణ చెప్పాలి. మిగతావి తర్వాత,” అన్నాడు కాలిక్.

తోల్కున్ లేచి పెళ్లాం తరఫున తనే వంగి దండం పెట్టాడు. ఎసెన్‌గుల్‌కి కోపమైనా రాలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, “పోన్లెండి, చిన్నపిల్ల. నేనేమీ అనుకోను,” అన్నాడు మెత్తగా. ఎంత పెద్ద మనసో అని జనం తలలూపారు. ఆ ఊపులోనే చేతులు లేచాయి, పని ఆయనకే ఖాయమైంది.

కుందుజ్ బయటికి వెళ్తూ గుమాస్తా దగ్గర ఆగింది. “రాశారా?”

“రాశానక్కా. కానీ విచారణేగా, నేరం తేలలేదు. తేలేదాకా ఇవ్వడానికి అడ్డేమీ లేదు.”

“తేలేదెప్పుడు?”

“అప్పటికి పనైపోతుందిలే,” అన్నాడు జాలిగా.

వేసవంతా అత్తగారు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడింది. టీ ఇవ్వబోతే, “నోరు కడుక్కునే పోశావా?” అనేది. కుందుజ్ తల వంచుకుని గ్లాసు అక్కడ పెట్టి వచ్చేసేది.

సెప్టెంబరు ఒకటిన బడి తెరిచారు. గోడలు రంగు వాసన కొడుతున్నాయి. కుందుజ్ మైరామ్ టీచర్ని పక్కకి పిలిచింది.

“అక్కా, మావాడి మంచం తలుపు పక్కన వేయిస్తావా? ఏదైనా చప్పుడైతే...”

టీచర్ నిట్టూర్చింది. “ఈ మాట అడగడానికి నువ్వెన్నోదానివో తెలుసా? ఉన్నది ఒక్క తలుపు. పక్కన నాలుగు మంచాలే పడతాయి. ఎప్పుడో అయిపోయాయి.”

“ఎవరికి?”

“జామీలా అమ్మమ్మ మనవడికొకటి. కాలిక్ గారి కూతురు బిడ్డకొకటి. వంటామె పిల్లకి ఇంకోటి.”

“నాలుగోది?”

“మీవాడిదే. తెలీదా? మీ అత్తగారు జులైలోనే వచ్చింది, గిన్నెడు వేడివేడి పిండి బోర్సోకులు నూనెలో వేయించుకుని. నేనొచ్చానని కోడలికి చెప్పకు అంది.”

కుందుజ్ ఆ మంచం దగ్గర్నుంచి తలుపుదాకా నడిచి చూసింది. తనకి రెండడుగులు. బాయెల్‌కి నాలుగు పడతాయి. మోకాళ్ల మీద కూర్చుని వాడికి కొత్త చెప్పులు తొడిగింది.

“పడుకునేటప్పుడు కూడా ఇవి విప్పకు.”

“టీచర్ తిడుతుంది.”

“తిట్టనీ.”

గదికి అవతల, గోడ వారగా ఉన్న మంచం మీదికి రెండు పిలకల పాప ఒకతె ఎక్కి గంతులేస్తోంది. అక్కణ్ణుంచి తలుపు దాకా ఎన్ని అడుగులో కుందుజ్ లెక్కపెట్టలేదు. ఆ పాప ఎవరమ్మాయో కూడా అడగలేదు. షెడ్డుకి టైమైపోతోందని గబగబా బయటికి నడిచింది.