చుక్కతో మొదలయ్యే ఫోల్డర్

నాలుగోసారి కూడా తిరస్కరించింది. కీబోర్డును విసురుగా పక్కకు నెట్టి, ఎదురుగా అక్క ఉందన్న సంగతి కూడా మరిచిపోయి నోటికొచ్చిన తిట్టు తిట్టాను.

"కాల్‌లో ఉన్నాను రా, నెమ్మది," అంది అక్క, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

మాది అంబులెన్సుల కంట్రోల్ రూమ్. బండ్లు తొమ్మిది. అక్క ఫోన్ ఎత్తి చిరునామా టైప్ చేస్తే, అది నేను చూసుకునే సర్వర్ మీదుగా డ్రైవర్ ట్యాబ్‌లో పడుతుంది. ఆ సర్వర్ మాదేనని ట్యాబ్‌కు రుజువు చూపే సర్టిఫికెట్ గడువు ఈరోజు మధ్యాహ్నం పన్నెండుకు తీరిపోతుంది. తీరిందంటే ట్యాబ్ మా సర్వర్ ముఖం కూడా చూడదు. ఒకప్పుడు చిరునామాలు ఫోన్లో నోటితో చెప్పేవాళ్లం. ఒకరోజు డ్రైవర్ ఒక వీధికి బదులు ఇంకో వీధిలోకి వెళ్లాడు. అసలు ఇంటికి చేరేసరికి ఆ ఇంటి పెద్దాయన ప్రాణం పోయింది. ఆ ఫోన్ ఎత్తింది అక్కే. ఇప్పుడు టైము పదకొండు ఇరవై అయిదు.

కొత్త సర్టిఫికెట్ దానంతటదే రావాలి. ఇచ్చే సంస్థ ఒక సంకేతం పంపుతుంది, మన సర్వర్ దాన్ని ఫైలుగా ఒక ఫోల్డర్లో పెడుతుంది, సంస్థ బయటి నుంచి వచ్చి ఆ ఫైలు తెరిచి చూస్తుంది. కనబడితే ఆ సర్వర్ మనదేనని ఒప్పుకుంటుంది. గంటలో అయిదుసార్లు కనబడకపోతే మిగతా గంటంతా మనల్ని దగ్గరికి రానివ్వదు. నేను కోపంలో వరసపెట్టి నాలుగు తగలేశాను. మిగిలింది ఒక్కటి.

"మీ బావకి ఫోన్ చెయ్," అంది అక్క.

"చచ్చినా చెయ్యను."

"చచ్చేది నువ్వు కాదుగా."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఈ సర్వర్ కట్టింది బావే. రెండున్నర నెలల కిందట ఆయన బ్యాకప్ ఫోల్డర్ ఒకటి ఇంటర్నెట్‌లో ఎవరికైనా కనబడేలా వదిలేశాడు. రోగుల ఫోన్ నంబర్లున్న ఫోల్డర్. అది నా కంటపడింది. నిదానంగా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఇదే గదిలో, సూపర్‌వైజర్ ముందు, ఆపరేటర్లందరి ముందు ఆయన్ని కడిగిపారేశాను. మర్నాడే ఆయన రాజీనామా ఇచ్చి, కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో చేరాడు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. అప్పటినుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు.

రెండో రింగుకే ఎత్తాడు. చేతులు రెండూ కీబోర్డు మీద ఉండాలి కాబట్టి స్పీకర్ పెట్టాను.

"బావా, సర్టిఫికెట్..."

"ఎన్నిసార్లు కొట్టావు?"

"నాలుగు."

"అయ్యబాబోయ్! పరీక్షలు చేసుకోవడానికి వాళ్లదే ఇంకో సర్వర్ ఉందిగా, అసలుదాని మీద పడతావేంట్రా? ఇంక దాని జోలికి పోకు. ఆ ఫోల్డర్లో నీ చేత్తో ఏదో ఒక ఫైలు పెట్టి, నీ ఫోన్లో తెరిచి చూడు. నీకే కనబడనిది వాళ్లకెలా కనబడుతుంది?"

పెట్టాను. తెరిచాను. అనుమతి లేదని వచ్చింది.

"ఫైలు ఉంది కానీ ఏదో అడ్డుకుంటోందన్నమాట. ఆ ఫోల్డర్ పేరు చుక్కతో మొదలవుతుంది. చుక్కతో మొదలయ్యేవాటిని ఆపమని రూలేమైనా ఉందా?"

ఉంది. బావ వెళ్లిన రోజే రాశాను. ఆయన బ్యాకప్ ఫోల్డర్ పేరు కూడా చుక్కతోనే మొదలయ్యేది. అలాంటిది ఇంకొకటి బయటపడకూడదని, ఒక్కటి కూడా మినహాయించకుండా అన్నీ మూసేశాను. పైగా సూపర్‌వైజర్‌ను పిలిచి మరీ గొప్పగా చూపించాను.

"ఉంది," అన్నాను.

"నెల్నాళ్లుగా రోజూ తప్పుతోంది రా. సర్వర్‌లో ఇంకా నా మెయిలే ఉంది, హెచ్చరికలన్నీ నాకే వస్తున్నాయి. మీ అక్కతో చెప్పి పంపానుగా?"

అక్క వైపు చూశాను. ఓరోజు మా ఇంట్లో అన్నాలు తింటుండగా, "మీ బావ ఏదో గడువు అంటున్నాడు," అని మొదలుపెట్టింది. ఆయన పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతానన్నాను.

"ఆయన రెండోసారి చెప్పమన్నప్పుడు నేనే నీకు చెప్పలేదు," అంది అక్క. "నాకూ ఒళ్లు మండింది. పడనీ, ఒకసారి పడితే గానీ తెలీదు అనుకున్నా. ఇంతదాకా వస్తుందనుకోలేదు రా."

పదకొండు నలభై ఎనిమిది. ఆ ఒక్క ఫోల్డర్‌ను వదిలేసేలా మూడు లైన్లు రాసి సర్వర్‌కు చూపించాను. తప్పుందంది. ఎక్కడా కనబడదే! చెమట కళ్లలోకి దిగుతోంది.

"లైను చివర సెమికోలన్ పెట్టావా? నువ్వు ఎప్పుడూ మరిచిపోతావు."

పెట్టలేదు. పెట్టాక ఒప్పుకుంది. ఫోన్లో మళ్లీ తెరిచాను. ఈసారి ఫైలు కనబడింది.

"ఇప్పుడు కొట్టు," అన్నాడు బావ.

అయిదోది. చివరిది. ఎంటర్ నొక్కాను. సూపర్‌వైజర్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. అంతలోనే అక్క ఫోన్ మోగింది. "పాపకి ఎన్నేళ్లమ్మా? మూడా? ఊపిరి తీస్తోందా? చిరునామా చెప్పండి," అంటూ టైప్ చేస్తోంది. నా తెర మీద ఒక్కో అక్షరమే కదులుతోంది. సర్టిఫికెట్ వచ్చింది. సర్వర్‌కు తగిలించేసరికి పదకొండు యాభై ఏడు.

అక్క గడియారం చూడకుండా తన తెరవైపే చూస్తోంది. పన్నెండు దాటిన రెండు నిమిషాలకు నాలుగో నంబర్ బండి డ్రైవర్ రేడియోలో పలికాడు. చిరునామా కనబడుతోందట, మలుపు తిరిగాడట, ఇంటి ముందే ఉన్నాడట. అక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

నేను లేచి నిలబడ్డాను. గదిలో అందరూ నావైపే చూస్తున్నారు.

"బావా, అందరూ వింటున్నారు. ఆ రోజు నిన్ను నేను..."

"ముందు ఆ స్పీకర్ తీసెయ్ రా," అన్నాడు బావ. "ఏమన్నా ఉంటే నాతో చెప్పు, నలుగురిలో వద్దు."

తీసేశాను. ఇంతమందిలో ఆయన పరువు తీసినవాణ్ని, ఆ ఒక్క మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ చెవికి ఆనించుకుని బయటి మెట్ల మీదికి వెళ్లి, సగంలో ఆగిన ఆ క్షమాపణ పూర్తి చేశాను.