రామచంద్రయ్య సేటు తెచ్చిన బ్రెడ్డు

మా కొత్తకోటలో మనిషికి జబ్బు చేసిందంటే ముందు వచ్చేది బ్రెడ్డు. డాక్టరు తర్వాతి సంగతి. జ్వరమొచ్చినా, కాలు విరిగినా, చూడటానికి వచ్చేవాళ్ళ చంకలో ఒక పాల బ్రెడ్డు పాకెట్టు ఉండి తీరుతుంది. నేను హైదరాబాదు దవాఖాన నుంచి తిరిగొచ్చిన వారంలోనే మా ఇల్లు బేకరీ అయింది. నేనేమో గోధుమ ముట్టనని ఒట్టు పెట్టుకుని వచ్చాను.

నా జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. మా అత్త బాలమ్మ నోరు తిరగక నరాల రోగం అంటుంది. అదీ సరిపోతుంది. కరెంటు వైరు మీది తొడుగు ఊడినట్టు నరాల మీది పొర పోతుందట. రెండువేల ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున నా కుడి చెయ్యి నాది కాకుండా పోయింది. అప్పటికి ఎనిమిదేళ్ళుగా రామచంద్రయ్య సేటు దాబాలో జొన్న రొట్టెలు కొడుతున్నాను. హైవే మీద పోయే లారీ డ్రైవర్లు బండి ఆపి, "రొట్టెల సరిత వచ్చిందా" అని అడిగి మరీ కూర్చునేవాళ్ళు. ఆ పేరంటే నాకు ఎంత పొగరో చెప్పలేను. చెయ్యి పోతే ఆ పేరు పోతుంది. పేరు పోయాక నేనెవరో నాకే తెలియదు. దసరా దాకా నా జాగా అట్లనే ఉంచుతానని సేటు మాటిచ్చాడు.

దవాఖానలో పక్క మంచం మీద ఒక బ్యాంకు మేడమ్ ఉండేది. ఆమెకూ ఇదే రోగం. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుందని, అది మానేశాక తన ఒళ్ళు తేలికపడిందని చెప్పి, నెట్‌లోంచి తీసిన కాగితం ఒకటి ఇచ్చింది. పెద్ద డాక్టరును అడిగితే, "రుజువేమీ లేదమ్మా. మానితే మాను, సూదులు మాత్రం మానకు" అన్నాడు. చెయ్యి నా మాట వినదు, కాలు వినదు. నోరన్నా వినాలి కదా అని మానేశాను.

ఆ కాగితంలో బ్రెడ్డుకు బదులు ఏమేం తినొచ్చో ఇంగ్లీషులో ఉంది. నా భర్త ప్రదీప్ లారీ మెకానిక్. బస్సులో కూర్చుని కూడబలుక్కుంటూ చదివాడు.

"క్వినోవా అంట. బక్‌వీట్ అంట. గివేంది, మందులా?"

"తిండే. ఇంకేమున్నది చూడు."

"బాదం పిండి బ్రెడ్డు. సజ్జలు. ఆఖర్ల జొన్న రొట్టె."

"జొన్న రొట్టె తినుమని చెప్పనీకె నన్ను హైదరాబాద్ దాంక తోల్కపోయినవా?"

ఇంటికొచ్చాక మా అత్త విని, "సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడిండ్రు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. పొద్దంతా రొట్టెలు కొట్టీ కొట్టీ ఆ వాసనకే నాకు మొహం మొత్తేది. ఇంటికొచ్చి చాయ్‌లో బ్రెడ్డు ముంచుకుని తినేదాన్ని. ఇప్పుడు బ్రెడ్డు బదులు రొట్టె తప్ప గతి లేదు, కొట్టుకుందామంటే చెయ్యి లేదు. అత్త చేసే రొట్టెలు నమలాలంటే కూలికి మనిషిని పెట్టుకోవాలి.

బ్రెడ్డు మాత్రం ఆగలేదు. చర్చి నుంచి ఎస్తేరమ్మక్క వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆమెన్ అనగానే సంచిలోంచి పాకెట్టు తీసింది.

"నాకు బ్రెడ్డు పడదక్కా."

"బ్రెడ్డు పడనోళ్ళుంటరా బిడ్డా? చిన్నప్పుడు బ్రెడ్డు కోసమే జ్వరం రావాల్నని మొక్కేటోళ్ళం."

ప్రార్థన దేవుడు విన్నాడో లేదో గాని, మా మేక మాత్రం విన్నది. ఆ నెలలో అది బాగా ఒళ్ళు చేసింది.

రెండు నెలలకు వేళ్ళు కదిలాయి. స్పర్శ మాత్రం రాలేదు. జొన్నపిండికి జిగురు ఉండదు. మరిగే నీళ్ళు పోసి కలిపి, అరచేత్తో తిప్పుతూ కొడితేనే అది ఒక్కటిగా నిలుస్తుంది. నీళ్ళ వేడి నా చేతికి తెలియక మొదటిరోజే బొబ్బలెక్కాయి. పొయ్యి ముందు కూర్చుంటే కాళ్ళు వణికేవి. సెగ తగలనీయొద్దని డాక్టరు ముందే చెప్పాడు. అందుకని అత్త నీళ్ళు పోసి కలిపిస్తే, నేను గడప దగ్గర పీట వేసుకుని కొట్టేదాన్ని. పెనం మీద ఆమె కాల్చేది. నేను కొట్టింది కొట్టినట్టే విరిగేది. బతుకమ్మ మొదలయ్యేనాటికి నాలుగింట్లో ఒకటి నిలుస్తోంది.

సరిగ్గా అప్పుడు రామచంద్రయ్య సేటు వచ్చాడు. చేతిలో ఆపిల్ పండ్లు, చంకలో బ్రెడ్డు.

ఎనిమిదేళ్ళలో ఆయన నా ఇంటికి వచ్చింది రెండుసార్లే. రెండుసార్లూ పనికి ఎందుకు రాలేదని వాకిట్లో నిలబడి తిట్టి పోయాడు. ఈసారి లోపలికి వచ్చి, మెల్లగా కూర్చుని, బ్రెడ్డు నా పక్కన పెట్టాడు.

"పానం జర చూస్కో బిడ్డా. రొట్టెల ముచ్చట ఇగ మరిచిపో."

అన్ని బ్రెడ్లకు నవ్వాను. ఈ బ్రెడ్డు చూస్తే ఏడుపొచ్చింది. దసరాకు ఇంకా వారం పైనే ఉంది, ఈయన అప్పుడే నన్ను రోగుల్లో కలిపేశాడు.

"కూసోండ్రి సేటు. రొట్టె తిని పోండ్రి" అన్నాను.

మొదటి రొట్టె పీట మీదినుంచి లేపుతుంటేనే రెండయింది. సేటు తల తిప్పుకుని గోడ మీది క్యాలెండరు చూశాడు. అత్త నా చెవి దగ్గరికొచ్చి, "గుప్పెడు గోధుమపిండి కలుపు. విరగదు, ఆయనకేం ఎరుక" అంది.

"వద్దత్తా. నేను తినేదే ఆయన తింటడు."

రెండోదానికి పిండి ఇంకాస్త మెదిపాను. చెయ్యి ఏమీ చెప్పదు కాబట్టి కన్ను అంచు మీదనే పెట్టి కొట్టాను. పగులు కనపడ్డచోటల్లా వేలితో అదిమాను. చెమట కళ్ళలోకి కారుతోంది. అత్త రెండు చేతులా లేపి పెనం మీద వేసింది. నిలిచింది. తిరగేస్తే పొంగింది.

ఎల్లిగడ్డ కారంతో పెట్టాం. సేటు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. సగం రొట్టె తిన్నాడు. తర్వాత ఆయన మొహం మెల్లగా పాత మొహమైంది.

"అంచు దొడ్డుగున్నది. గిట్ల చేస్తె డ్రైవర్లు నా మొకాన కొడ్తరు."

అత్తకు ఒళ్ళు మండింది. "పానం బాగలేని పిల్ల చేసి పెడ్తె వంకలు పెడ్తవా సేటూ?"

"నువ్వు ఊకో అత్తా" అన్నాను. నాకు నవ్వాగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు. రోగి చేసినదానికి ఎవరూ వంక పెట్టరు. వంక పెట్టేది పని చేసే మనిషికే.

"పొయ్యి కాడ కూసోను సేటు. దూరం కూసొని కొడ్త. నీళ్ళు పోయనీకె, కాల్చనీకె ఇంకో మనిషిని పెట్టాలె" అన్నాను.

"ఒక్క రొట్టెకు ఇద్దరా?" అని గొణిగాడు. మిగిలిన సగం కూడా తిని, మూతి తుడుచుకుని లేచాడు. "దసరా ఎల్లినంక పొద్దుగాల్నే రా. ఆలస్యమైతె ఊకోను."

ఆపిల్ పండ్లు వదిలేశాడు. గడప దాటబోతూ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, తను తెచ్చిన బ్రెడ్డు తీసి మళ్ళీ చంకలో పెట్టుకుని పోయాడు.