కార్డు తలుపుకి పది మార్కులు

"ఏమ్మే, దోసె సల్లారిపోయుండాది, ఇంకోటి ఎయ్యి" అని మా అత్త శకుంతలమ్మ హాల్లోంచి కేకేసినప్పుడు నేను పొయ్యి ముందు నిలబడి ఫోన్‌లో ఆఫీసు మెయిల్ చదువుతున్నాను. రేణిగుంట రోడ్డులో కొత్తగా లేచిన ఆరంతస్తుల ఆఫీసుకి, నేను తనిఖీ చేసి మార్కులు వేసినదానికి, మొదటి శ్రేణి వచ్చిందట. శుక్రవారం ఫలకం పెడతారు, స్టేజీ మీద నేనూ ఉండాలి. సంతోషించాల్సిన కబురే. కానీ ఆ బిల్డింగులో ఊడ్చే గంగులమ్మని ఆసుపత్రిలో చేర్చారని అంతకు ముందు రోజే తెలిసింది.

ఆఫీసు భవనాలు ఎంత కరెంటు తింటున్నాయి, వాన నీళ్లని ఏం చేస్తున్నాయి, లోపల పనిచేసేవాళ్లకి గాలీ వెలుతురూ అందుతున్నాయా, వాళ్లు సుఖంగా ఉన్నారా అని చూసి మార్కులు వేయడం నా పని. గాలి కొలిచే మీటరు ఒకసారి ఇంటికి తెచ్చి, కిటికీ లేని మా వంటింట్లో పెట్టాను. ఎర్ర లైటు వెలిగి కుయ్యోమంది. మా ఆయన మునిశేఖర్ పడీపడీ నవ్వాడు. "ఆడ ఉండేది నువ్వొక్కదానివే కదా ధరణీ, తలుపు తీసిపెట్టుకో" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తనిఖీ ఆఖరి రోజు ఆ బిల్డింగులో ఆడవాళ్ల బాత్‌రూమ్ తలుపులు చూసి మురిసిపోయాను. మెడలో కార్డు ఆనిస్తే తప్ప తెరుచుకోవు. పరాయి మగవాడు అటు అడుగు పెట్టే వీల్లేదు. ఆడవాళ్ల భద్రత కింద పదికి పది వేసి దిగుతుంటే, మెట్ల కింద గంగులమ్మ టిఫిన్ డబ్బాలో సంగటి తింటూ కనిపించింది. ముద్ద గొంతుకి అడ్డం పడి దగ్గుతోంది. నా నీళ్ల బాటిల్ ఇవ్వబోతే చేత్తో వద్దంది.

"నీళ్లు తాగితే మళ్లా యాడికి పోవల్ల మేడం? మా కార్డు పొద్దన తొమ్మిదింటి దాకానే పంజేస్తాది, కడిగేదానికి. ఆపైన తలుపు తీసుకోదు. పార్కింగెనక మొగోళ్లది ఒకటుండాది. ఆడికి ఎట్ల పోతాం?"

విన్నాను. నాకేం చెవుడు లేదు. అట్లాంటి ఆడవాళ్లు పదకొండు మంది, అందరూ కాంట్రాక్టు మనుషులు. భవనంలో సుఖంగా ఉన్నారా అని అడిగే నా ప్రశ్నపత్రాలు కంపెనీ జీతం తీసుకునేవాళ్లకి మాత్రమే పంచాను. వీళ్లని కలపాలంటే ఒక్కొక్కరి పక్కన కూర్చుని అడిగి రాయాలి, సాయంత్రం దాకా పడుతుంది. అప్పుడే మునిశేఖర్ ఫోన్ చేశాడు. "ఈపొద్దు ఏకాదశి. అమ్మ ఒక్కపొద్దుండాది. నువ్వు ఐదింటికి రాకుంటే పలారం ఎవురు చేస్తారు?" రవ్వ ఉప్మా చేయడానికని పదకొండు మందినీ వదిలేసి బస్సెక్కాను. ఉప్మాలో ఉప్పు తక్కువైందని మా అత్త అన్నది కూడా గుర్తుంది.

ఆ పొద్దున దోసె పెడుతూ మెయిల్ చూపించి, గంగులమ్మ సంగతి చెప్పి, ఆ శ్రేణి వెనక్కి తీసుకోమని రాస్తానంటే మునిశేఖర్ దోసె తుంచుతూ ఆగాడు. "ఊడ్సేవాళ్లు ఆ బిల్డింగోళ్లు ఎట్లవుతారు?" అన్నాడు. పన్నెండేళ్లుగా ఊడుస్తూ వండుతూ ఉన్న నేను ఈ ఇంటిదాన్నెట్లా అయ్యానో అడుగుదామనుకుని, అతని పళ్లెంలో ఇంకో దోసె వేశాను. "రాసేదుంటే తెలీక జరిగిందని రాయి. నీ లైసెన్సయినా నిలబడతాది" అన్నాడు మళ్లీ. ఆ మాటలో నా మీద ప్రేమ లేకపోలేదు. అదే నన్ను ఇంకా బాధపెట్టింది.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాను. గంగులమ్మ కిడ్నీకి చీము పట్టిందట. ఆమె చోట కాంట్రాక్టరు అప్పుడే వేరే మనిషిని పెట్టుకున్నాడు. మంచం పక్కన స్టూలేసుకుని, ఆ రోజు ఇవ్వాల్సిన ప్రశ్నపత్రం తీశాను. మీరు ఈ భవనంలోకి ఎప్పుడు వచ్చారన్నది మొదటి ప్రశ్న.

"పునాది తీసినప్పట్నించీ ఆడే ఉండా మేడం. ఇటికలు మోసినాను. అప్పుడు సుట్టూ కంపసెట్లు, అవసరమైతే అట్లా పోయొస్తా ఉంటిమి. బిల్డింగు లేసినాకనే మాకు సోటు లేకుండా పోయింది."

ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. నేను వచ్చినందుకు ఆమె సంతోషపడింది. తిట్టి ఉంటే బాగుండేది.

బయట వరండాలో బల్ల మీద కూర్చుని మా ఆఫీసుకి ఫోన్‌లోనే ఉత్తరం మొదలుపెట్టాను. 'ఈ పొరపాటు తెలియక జరిగింది' అని రాసి, కాసేపు చూసి, తుడిచేశాను. 'గంగులమ్మ నాకు చెప్పింది. నేను రాయలేదు' అని రాసి పంపించేశాను.